అన్నం డబ్బా నిండుగా తిరిగొస్తోంది, పరుపు కింద చిప్స్ కవర్లు దొరుకుతున్నాయి

అనంతపురం నుంచి ఒక అమ్మ రాసిన ఉత్తరం ఇది. ఎవరో పోల్చుకోవడానికి వీలున్న వివరాలు తీసేసి మిగతాది చెబుతున్నాను.

ఆమె పక్క మండలంలో ప్రభుత్వ బడి టీచరు. ఉదయం ఏడున్నరకల్లా బస్సెక్కాలి. భర్తకు పాతూరులో షాపు. అత్తగారు వాళ్లతోనే ఉంటారు. అబ్బాయికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. అమ్మాయికి పద్నాలుగు, తొమ్మిదో తరగతి.

అబ్బాయి ఉదయం నోట్లో ఏమీ వేసుకోకుండానే కాలేజీ బస్సెక్కేస్తాడు. ఐదింటికే లేచి ఆమె వండిపెట్టిన అన్నం సగం, ఒక్కోరోజు మొత్తం, డబ్బాలో అట్లే తిరిగొస్తోంది. స్టడీ అవర్స్ అయిపోయి వాడు ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. మధ్యలో ఐదింటికి అరగంట వదులుతారు. అప్పుడు గేటు ఎదురుగా ఉన్న బండి దగ్గర ఎగ్ నూడుల్స్ లేదా గోబీ మంచూరియా, పక్కన ఒక కూల్‌డ్రింక్. ఈమధ్య కూల్‌డ్రింక్ పోయి ఎనర్జీ డ్రింక్ వచ్చింది, నిద్ర రాకుండా చదువుకోవడానికట. రాత్రి ఆకలి లేదంటాడు. పదకొండు దాటాక లేచి ఇన్‌స్టంట్ నూడుల్స్ చేసుకుంటాడు. ఏడాదిలో తొమ్మిది కిలోలు పెరిగాడు. "మెడ వెనక నల్లగా పట్టేసింది. ఎంత రుద్దినా పోదు. స్నానం సరిగ్గా చెయ్యవా అని రోజూ తిడుతూనే ఉన్నాను" అని రాశారు.

మొన్న బంధువుల గృహప్రవేశంలో వాడు రెండోసారి ఓళిగ వేయించుకోబోతే, "చాల్లేరా, ఇప్పటికే దున్నపోతులా తయారైనావు" అని ఆమె అందరి ముందూ అనేశారు. వాడు విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. అప్పటి నుంచి వాళ్లతో కూర్చుని తినడం లేదు. ప్లేటు తీసుకుని గదిలోకి పోతాడు. తర్వాతి వారం పరుపు కింద చిప్స్ కవర్లు, బిస్కెట్ రేపర్లు దొరికితే తెచ్చి వాళ్ల నాన్న ముందు టేబుల్ మీద పోశారు. "నా కడుపు, నా ఇష్టం. నీకేమైంది మా?" అన్నాడట.

అమ్మాయిది ఇంకో దారి. పొద్దున టీ, రెండు బిస్కెట్లు. బడి దగ్గర సాయంత్రం కారం చిప్స్. లావైపోతానని రాత్రి అన్నం మానేస్తోంది. హిమోగ్లోబిన్ 9.4 ఉంది. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు కడుపులో తిప్పుతున్నాయని ఆపేసింది.

భర్త "వయసులో ఉన్నారు, తిననీలే" అంటారు. శనివారం రాత్రి బిరియానీ, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ తెచ్చేది ఆయనే. అత్తగారు మనవడి చేతిలో గుట్టుగా ఇరవయ్యో ముప్పయ్యో పెడుతుంటారు. "డబ్బులివ్వడం మానేయాలా? ఫోన్ లాక్కోవాలా? వాడి ఖర్మానికి వదిలేయాలా? బడిలో పిల్లలకు పోషకాహారం పాఠం చెప్పే నేను ఇంట్లో ఓడిపోయాను" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, మీరు ఓడిపోలేదు. పిల్లలు ఏ పూట ఏం తింటున్నారో, ఏం తినడం లేదో ఇంత వివరంగా చూసి రాసిన తల్లి చేతిలో సగం సమాధానం ఉన్నట్టే. మిగతా సగం ఇద్దరం కలిసి వెతుకుదాం.

అన్నిటికంటే ముందు మీ అబ్బాయి మెడ సంగతి. అది మురికి కాదు. బరువు పెరుగుతున్న పిల్లల్లో మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, ముట్టుకుంటే మఖమల్‌లా మారడాన్ని డాక్టర్లు అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి చాలాసార్లు అది గుర్తు. సబ్బుతో, పీచుతో రుద్దితే పోదు, చర్మం గీసుకుపోవడమే మిగులుతుంది. షుగర్ వచ్చేసిందని దీని అర్థం కాదు. కానీ ఇప్పుడే చూపించుకోవాలి. పిల్లల డాక్టరు దగ్గరికో, జనరల్ ఫిజీషియన్ దగ్గరికో తీసుకెళ్లండి. బీపీ చూసి, పరగడుపు షుగరు, మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొవ్వు పరీక్షలు రాస్తారు. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. వాడు మాటిమాటికీ దాహమంటున్నా, రాత్రుళ్లు ఎక్కువసార్లు బాత్రూంకి లేస్తున్నా ఒక్క రోజు కూడా ఆగకండి.

ఈ విషయం వాడికి మీ నోటితోనే తెలియాలి. "అది మురికి కాదంట నాయనా. తెలియక ఇన్నాళ్లూ తిట్టినాను" అని చెప్పండి. ఆ వెంటనే గృహప్రవేశం రోజు మాట కూడా ఎత్తండి. "అందరి ముందూ అట్ల అనకుండా ఉండాల్సింది" అనండి. అక్కడితో ఆపేయండి. "కానీ నువ్వు కూడా" అని మొదలుపెడితే క్షమాపణ కాస్తా మళ్లీ తిట్టయిపోతుంది. వాడు అప్పటికప్పుడు కరిగిపోడు. "సరేలే" అని ఫోన్ చూసుకుంటాడు. ఫర్వాలేదు, విన్నాడు.

దీన్ని మొదట ఎందుకు పెట్టానంటే, వాడు మీ పక్కన కూర్చుని తిననంత కాలం మీరు ఏం వండినా, ఏ నియమం పెట్టినా వాడి దాకా చేరదు. ఇంట్లో మాటలు బరువు మీద నడిస్తే పిల్లలు కడుపు మాడ్చుకోవడం, అదుపు లేకుండా తినడం లాంటి పద్ధతుల్లోకి పోవడం ఎక్కువనీ, తిండి మంచిచెడ్డల మీద నడిస్తే అది తక్కువనీ అమెరికాలోని మిన్నెసోటాలో వేలమంది పిల్లల మీద జరిగిన ఒక అధ్యయనం 2013లో చెప్పింది. మీ ఇంట్లోనూ ఆ ఛాయలు కనిపిస్తున్నాయి: వాడు పరుపు కింద దాస్తున్నాడు, చెల్లెలు రాత్రి అన్నం మానేస్తోంది. అన్నను అన్న మాట చెల్లెలూ విన్నది కదా. లావు, సన్నం, పొట్ట అన్న మాటలు ఇక మీ ఇంట్లో ఎవరూ ఎవరినీ అనకూడదు. అత్తగారు ముద్దుగా అనేవి కూడా వద్దు.

ఇక అసలు చిక్కు. వాడి రోజును గంటల చొప్పున చూడండి. రాత్రి పన్నెండు దాటాక పడుకుంటాడు. ఆరున్నరకు లేస్తే ఆకలి వేయదు, వేసినా తినే టైం లేదు. పన్నెండున్నరకు డబ్బా తెరిస్తే, తెల్లవారుజామున కట్టిన అన్నం ముద్దకట్టి, కూర నీళ్లు వదిలి ఉంటుంది. నాలుగు ముద్దలు తిని మూత పెట్టేస్తాడు. సాయంత్రం ఐదింటికి కడుపులో ఏముంది? పొద్దుటి నుంచి ఆ నాలుగు ముద్దలే. ఎదురుగా బండి మీద వెల్లుల్లి వేగుతున్న వాసన, పక్కన స్నేహితులు. అక్కడ వాడు తినకుండా నిలబడగలగాలని మనం అనుకోవడం న్యాయం కాదు. ఐదున్నరకు నూనె నూడుల్స్ తిన్నవాడికి ఎనిమిదింటికి మీ అన్నం ఎట్లా సహిస్తుంది? పదకొండుకు మళ్లీ ఆకలి, మళ్లీ ప్యాకెట్, మళ్లీ ఆలస్యంగా నిద్ర.

ఈ వయసు మగపిల్లవాడికి రోజుకు మూడు వేల పైచిలుకు కేలరీలు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఎముక, కండ పెరిగే కాలమిది. వాడిది నిజమైన ఆకలి. మీరు దాన్ని తిండిపోతుతనంగా చూశారు, వాడు దాన్ని బండి దగ్గర తీర్చుకున్నాడు. మీరు ప్యాకెట్‌తో పోరాడుతున్నారు. నా మటుకు నేను సాయంత్రం ఐదింటితోనే మొదలుపెడతాను.

"మనసు గట్టిగా ఉంటే మానేయొచ్చు కదా" అని మీకు అనిపిస్తుందేమో. ఒక ప్రయోగం సంగతి చెబుతాను. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త బృందం 20 మంది పెద్దవాళ్లను తమ దగ్గరే ఉంచుకుని, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టింది. రెండిట్లోనూ చక్కెర, ఉప్పు, కొవ్వు, పీచు సమానంగా ఉండేలా చూశారు. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి తిన్న రోజుల్లో అదే మనుషులు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, బరువూ పెరిగారు. 2019లో అచ్చయిన ఫలితమిది. పెద్దవాళ్లకే కడుపు నిండిన సంగతి తెలియకుండా చేసే తిండి, పదహారేళ్ల వాడిని ఏం చేస్తుందో ఆలోచించండి.

ఇప్పుడు మీరడిగిన మూడు దారులు.

డబ్బులు ఆపేసి, ఫోన్ తీసేసుకుని, ఇంట్లోకి ఏదీ రానివ్వకపోవడం ఒకటి. ఓ వారం ఇల్లు ప్రశాంతంగా ఉన్నట్టు కనిపిస్తుంది. తర్వాత స్నేహితుల దగ్గర అప్పు, జేజి దగ్గర గుట్టు రూపాయలు, బండి దగ్గర ఖాతా. ఒక పదార్థాన్ని కళ్ల ముందు పెట్టి వద్దంటే పిల్లల ధ్యాసంతా దాని మీదకే పోతుందని, చేతికి అందినప్పుడు ఎక్కువ తింటారని చిన్నపిల్లల మీద చేసిన పరిశోధనల్లోనే తేలింది. మీవాడు ఇప్పటికే దాచుకుంటున్నాడు కాబట్టి నిషేధం వల్ల దాచే చోటు మారుతుంది, అంతే. పైగా రెండేళ్లలో వాడు ఏ హాస్టల్‌కో పోతాడు. అక్కడ మీరుండరు.

మీ ఆయన అన్నట్టు వదిలేయడం ఇంకొకటి. కొందరు పిల్లలు పెద్దయ్యాక తమంతట తామే సర్దుకుంటారు, అబద్ధం కాదు. మెడ మీద ఆ గుర్తు లేకపోతే, ఏడాదిలో తొమ్మిది కిలోలు లేకపోతే, నేనూ కొంతవరకు ఆయన పక్షమే మాట్లాడేదాన్ని. ఇప్పుడు మాత్రం వేచి చూసే పరిస్థితి లేదు.

మూడోది ఒప్పందం. కొన్ని వాడివి, కొన్ని మీవి, ఒకటి రెండు ఎవరూ కదపరానివి. ఇది నిదానం. మధ్యలో తప్పుతుంది. మీ మాట నెగ్గినట్టు ఎప్పుడూ అనిపించదు. కానీ పదహారేళ్ల వాడితో నిలబడే దారి నాకు ఇదే కనిపిస్తోంది. ఎంచుకోవాల్సింది మీరే కాబట్టి, ఇది ఎట్లా ఉంటుందో వివరంగా చెబుతాను.

మీ బడిలో పిల్లలు రాగిజావ తాగడం మీరు చూస్తూనే ఉంటారు. 2023 మార్చి నుంచి వారంలో కొన్ని రోజులు రాగిజావ, మిగతా రోజులు శెనక్కాయ చిక్కీ. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. ఫీజు కట్టి చదివిస్తున్న మీ అబ్బాయికి మధ్యాహ్నం నుంచి రాత్రి ఎనిమిది దాకా బండి తప్ప దిక్కు లేదు. అక్కడ ఖాళీ ఉంది. దాన్ని నింపాలి.

వాడినే అడగండి: "ఐదింటికి ఏం పెట్టిస్తే తింటావు? ఏది పెడితే నీ ఫ్రెండ్స్ ముందు తియ్యలేవు?" రెండో ప్రశ్నే ముఖ్యం. ఈ వయసులో డబ్బా తెరిచి పప్పన్నం కలుపుకోవడం వాడికి నామోషీగా ఉండొచ్చు. చేత్తో పట్టుకుని, నిలబడి, పక్కవాడికి ఒక ముక్క తుంచి ఇవ్వగలిగినది తింటాడు. కోడిగుడ్డు పొరటు పెట్టి చుట్టిన చపాతీ. పప్పుల పొడి రాసి మడిచిన జొన్నరొట్టె. ఉడకబెట్టిన శెనక్కాయలు, అలసంద గుగ్గిళ్లు. బెల్లం శెనక్కాయ ఉండలు. బొరుగుల్లో ఉల్లిపాయ, కారం, నిమ్మకాయ విడివిడిగా కట్టిస్తే అక్కడే కలుపుకుంటారు, నలుగురూ చేతులు పెడతారు. మనం పుట్టి పెరిగింది శెనక్కాయ సీమలో. నూరు గ్రాముల గింజల్లో పాతిక గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. బండి మీద నూడుల్స్‌తో పోలిస్తే అది ఆకలిని రాత్రి దాకా ఆపుతుంది. ఇద్దరు స్నేహితులకు సరిపడా ఎక్కువ కట్టండి. స్నేహితులు అడిగి తింటే ఆ డబ్బా ఖాళీగా వస్తుంది.

మధ్యాహ్నం అన్నం కూడా మార్చి చూడండి. ముద్దకట్టే అన్నం, కూర బదులు చిత్రాన్నం, పులగం, ఊరిబిండి పెట్టిన రొట్టె లాంటివి ఏడు గంటలు నిలుస్తాయి. పెరుగన్నమైతే పాలు పోసి తోడేసి పంపిస్తే పులవదు. పొద్దున టిఫిన్ తినమని బలవంతపెట్టకండి. ఒక గ్లాసు రాగిజావో, రెండు అరటిపండ్లో చేతిలో పెడితే బస్సులో తింటాడు. అర్ధరాత్రి నూడుల్స్ ఆగిపోయాక పొద్దుటి ఆకలి తనంతట తానే తిరిగొస్తుంది.

ఇదంతా ఎవరు చేస్తారు? ఐదింటికి లేచి, బస్సెక్కి, సాయంత్రం అలిసిపోయి వచ్చే మీ నెత్తిన ఇంకొక డబ్బా పెట్టడం నాకు ఇష్టం లేదు. అత్తగారిని అడగండి. ఆవిడ మనవడికి ఇరవై రూపాయలు ఇస్తున్నది మీ మీద పంతానికి కాదు. ఆ వయసులో వాడికి ఇవ్వడానికి ఆవిడ దగ్గర ఇంకేం మిగిలింది? "అత్తా, మీరు డబ్బులివ్వొద్దు" అంటే ఆవిడ నొచ్చుకుంటుంది, ఇవ్వడం మాత్రం ఆగదు. "అత్తా, సాయంత్రం డబ్బా మీ చేతి మీదుగా పోతే వాడు తింటాడు. గుగ్గిళ్లు, ఉండలు మీకొచ్చినట్టు నాకు రావు" అంటే రాత్రే నానబెట్టుకుంటుంది. ఆవిడ ఒంట్లో ఓపిక లేకపోతే వారానికి మూడు రోజులే పెట్టుకోండి. మిగతా రోజులు పండ్లు, వేయించిన శెనక్కాయలు, కొన్న చిక్కీ చాలు. వారంలో ఒక రోజు వాడు బండి దగ్గర తింటాడని ముందే ఒప్పుకోండి. ఆ రోజేదో వాడినే చెప్పమనండి. తిన్న రోజున ఆరా తీయకండి. ఒక్క మాట చెప్పండి చాలు: నూనె నల్లగా, చిక్కగా ఉండి పొగలు కక్కుతుంటే ఆ బండి వదిలెయ్, వేరే దగ్గర తిను. పదేపదే కాగిన నూనెలో పోగయ్యే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని దేశంలో 2018 జూలై నుంచి నియమం ఉంది. ప్రతి బండి దగ్గరా ఎవరూ కొలిచి చూడరు. కళ్లతో చూసుకోవాల్సింది వాడే.

పాకెట్ మనీ ఆపకండి, పద్ధతి మార్చండి. రోజుకు యాభై ఇచ్చే బదులు వారానికి ఒకసారి, కాస్త తక్కువగా, ఒకే మొత్తం ఇచ్చి లెక్క అడగకుండా ఉండొచ్చు. మొదటి వారం బుధవారానికే ఖర్చైపోతుంది. అప్పుడు మళ్లీ ఇవ్వకపోవడం మీకు కష్టంగా ఉంటుంది, అత్తగారికి ఇంకా కష్టం. కానీ ఐదింటి డబ్బా పక్కన ఉంటుంది కాబట్టి వాడు పస్తుండడు. రెండు మూడు వారాల్లో క్రికెట్ బంతికో, రీచార్జికో ఆ డబ్బు మిగుల్చుకోవడం మొదలుపెట్టొచ్చు. డబ్బంతా తిండికే పోతూ ఉంటే అప్పుడు మళ్లీ కూర్చుని మాట్లాడుకోవాలి.

ఒప్పందంలో కదపరానిది ఎనర్జీ డ్రింక్. ఇందులో నేను మెత్తగా మాట్లాడలేను. పావు లీటరు సీసాలో 75 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉంటుంది. పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు పనికిరాదని సీసా మీదే రాయాలని మన చట్టం. సాయంత్రం ఐదున్నరకు తాగిన కెఫీన్‌లో సగం రాత్రి పదిన్నరకు కూడా ఒంట్లోనే ఉంటుంది. వాడికి పన్నెండు దాకా నిద్ర రాదు. ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి, వాడికి దక్కుతున్నది ఆరు. నిద్ర తక్కువైతే మరునాడు తీపి, నూనె మీదకే మనసు పోతుంది, చదివింది నిలవదు. "నువ్వు మార్కుల కోసం తాగుతున్నావు, మార్కులకే దెబ్బ" అని చెప్పి, సీసా వాడి చేతికిచ్చి వెనకవైపు చిన్న అక్షరాలు వాడితోనే చదివించండి.

చదివించడం అన్నాను కాబట్టి ఇంకొక సంగతి. "ఇది తింటే జబ్బు చేస్తుంది, అది తింటే షుగరొస్తుంది" అనే మాట ఈ వయసు వాళ్లను కదిలించదు. నలభై ఏళ్లప్పుడు వచ్చే జబ్బు వాళ్లకు ఎవరో పక్కింటి వాళ్ల సంగతి. ఎవరో తమను మోసం చేస్తున్నారంటే మాత్రం రోషం వస్తుంది. టెక్సాస్‌లో ఎనిమిదో తరగతి పిల్లలతో క్రిస్టఫర్ బ్రయాన్, డేవిడ్ యేగర్ అనే పరిశోధకులు ఇదే చేసి చూశారు. కొందరికి మామూలు ఆరోగ్య పాఠం చెప్పారు. ఇంకొందరికి, ఈ తిండి తయారుచేసే కంపెనీలు పిల్లలు ఆపలేకుండా తినేలా రుచులను ఎట్లా కూర్చుతాయో, ప్రకటనల్లో ఎట్లా బోల్తా కొట్టిస్తాయో చదివించారు. మరునాడు బడిలో తినుబండారాలు ఎంచుకోమంటే, రెండో రకం పిల్లలు చిప్స్, కూల్‌డ్రింకులు తక్కువ తీసుకున్నారు. 2016లో ఇది అచ్చయింది.

మీవాడు ఎంపీసీ. లెక్కలు వాడికి ఆట. నూడుల్స్ ప్యాకెట్ మీద సోడియం ఎంత ఉందో చూసి రెండున్నరతో గుణిస్తే ఉప్పు తేలుతుంది. చాలా ప్యాకెట్లలో అది రెండు గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి ఐదు గ్రాములకు లోపే ఉండాలంటుంది. చిప్స్ కవరు వెనక అంకెలు నూరు గ్రాములకా, "ఒక సర్వింగ్"కా చూడమనండి. ఆ సర్వింగ్ ఎన్ని గ్రాములో, కవరులో అలాంటివి ఎన్నున్నాయో వాడే లెక్కవేస్తాడు. పదార్థాల పట్టీలో ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలన్నది నియమం. చక్కెర ఒక్కోసారి లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్ అన్న మారుపేర్లతో కూర్చుంటుంది. ఇవన్నీ మీరు టీచరులా చెప్పకండి. "నాకు ఈ అంకెలు అర్థం కావట్లేదు, చూసి పెట్టు" అంటే చాలు. చెల్లెలికి కూడా వాడే చెబుతాడు.

మీ ఆయనతో మాట మీకు కష్టమని ఉత్తరంలోనే తెలుస్తోంది. రోజంతా షాపులో ఉండే మనిషి, శనివారం రాత్రి బిరియానీ తెచ్చి పిల్లల మొహాలు వెలగడం చూస్తాడు. ఆ సంతోషం ఆయన చేతిలో నుంచి లాక్కోకండి. బిరియానీ ఉండనివ్వండి. ఆ రెండు లీటర్ల సీసా మాత్రం ఆపమనండి. చాలా కూల్‌డ్రింకుల్లో నూరు మిల్లీలీటర్లకు పది గ్రాముల పైనే చక్కెర. అలాంటి సీసా మొత్తంలో 200 గ్రాములకు తక్కువ కాదు. అందరూ సమానంగా పంచుకున్నా తలకు నలభై గ్రాములు, వాడు మిగతావాళ్లకంటే ఎక్కువే తాగుతాడు. రోజుకు 25 గ్రాములలోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. దాని బదులు చల్లటి మజ్జిగో, నిమ్మకాయ సోడానో ఉప్పు వేసి ఆయన్నే కలపమనండి. కొడుకును డాక్టరు దగ్గరికి కూడా ఆయన తీసుకెళ్తే మంచిది. "తిననీలే" అన్న మనిషి డాక్టరు నోటి నుంచి వింటే మీరు మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు. శనివారం రాత్రి బిరియానీ అందరూ ఒకే చోట కూర్చుని తినాలి, ఫోన్లు పక్కన పెట్టి. వాడు మళ్లీ మీ పక్కకు వచ్చే పూట అదే కావచ్చు. వచ్చి కూర్చుంటే ఆ పూట తిండి గురించి ఒక్క మాటా ఎత్తకండి.

కాలేజీ గేటు దగ్గర బండ్లను మీరొక్కరే ఏమీ చేయలేరు. అమ్మాయి బడి విషయంలో మాత్రం చెయ్యి వేయొచ్చు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలను బడి క్యాంటీన్‌లోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లో నియమాలు తెచ్చింది. తల్లిదండ్రుల మీటింగ్‌లో నలుగురైదుగురు కలిసి ఈ సంగతి అడిగితే హెడ్మాస్టరు కొట్టిపారేయలేరు. కాలేజీలో అడగాల్సింది వేరే: ఐదింటి విరామంలో పిల్లలు కూర్చుని తినడానికి ఒక చోటు, డబ్బాలు పెట్టుకోవడానికి ఒక అల్మరా, తాగడానికి చల్లటి నీళ్లు.

ఇక అమ్మాయి. అన్న గొడవలో ఈ పిల్ల వెనకబడిపోయింది. నాకు దిగులు ఈమె మీదే ఎక్కువ. దేశంలో పదిహేను, పంతొమ్మిదేళ్ల మధ్య ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది కాబట్టి, "అందరికీ ఉండేదేలే" అని ఇళ్లలో తేలిగ్గా తీసుకుంటారు. 9.4 తేలిగ్గా తీసుకునే అంకె కాదు. తరగతిలో కునుకు, మెట్లెక్కితే ఆయాసం, చదివింది తలకెక్కకపోవడం అన్నిటికీ అది కారణం కాగలదు. మాత్రలు తిప్పుతున్నాయంటే మానేయడం తప్ప ఇంకా దారులున్నాయి: అన్నం తిన్నాక వేసుకోవడం, రాత్రి పడుకునే ముందు వేసుకోవడం, డాక్టరునడిగి వేరే రకం మార్పించుకోవడం. మలం నల్లగా వస్తే భయపడొద్దని ముందే చెప్పండి, చాలామంది పిల్లలు అది చూసే ఆపేస్తారు. టీ మాత్రం తిండికీ, మాత్రకూ ఒకటి రెండు గంటలు దూరంగా ఉండాలి. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మరసం, జామకాయ, ఉసిరికాయ పట్టేలా చేస్తాయి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుని తింటే చాలు. నులిపురుగుల మందు వేసి ఎన్నాళ్లైందో, నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందేమో కూడా డాక్టరుకు చెప్పండి. రెండోది అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి, నాన్న, అన్న ఉన్నచోట చెప్పదు.

రాత్రి అన్నం మానేయడం గురించి ఇప్పుడే "ఎందుకు మానేశావ్" అని నిలదీయకండి. కొన్నాళ్లు గమనించండి. అన్నం చూడగానే భయపడుతున్నట్టున్నా, తిన్నాక బాత్రూంలోకి పోయి వాంతి చేసుకుంటున్నట్టు అనుమానం వచ్చినా, నెలసరి ఆగిపోయినా, అది ఇంట్లో తేలే విషయం కాదు. డాక్టరుతో పాటు మానసిక నిపుణుల దగ్గరికీ వెళ్లాలి. అలాంటివేమీ లేకుండా స్నేహితురాళ్ల మాటలు విని మానేస్తుంటే, అర ప్లేటైనా సరే మీ పక్కన కూర్చుని తినమనండి. ఆ పూటకు అది చాలు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం డాక్టరు, అబ్బాయికి క్షమాపణ, అమ్మాయి మాత్రలు. ఐదింటి డబ్బా వచ్చే వారం. శనివారం సీసా ఆ తర్వాత. అబ్బాయి బరువు ప్రతి ఆదివారం చూడకండి, డాక్టరు రమ్మన్నప్పుడు అక్కడే చూస్తారు. అమ్మాయికి నెల, నెలన్నర మాత్రలు క్రమంగా పడ్డాక హిమోగ్లోబిన్ మళ్లీ చూపించండి. అప్పటికీ పెరగకపోతే మాత్ర మింగడం లేదని పిల్లను అనుమానించే ముందు, కారణం వేరే ఏమైనా ఉందేమో పరీక్షించమని డాక్టరును అడగండి.